పేస్లిప్ మీద పేరు ఎవరిది?

"అన్నా, ఆఫర్ వచ్చింది. కూర్చునేది పెద్ద కంపెనీలోనే, కానీ జీతం వేరే కంపెనీ ఇస్తుందట. చేరాలా, వద్దా?"

టెక్ బ్లాగ్ రాసే నాలాంటి వాళ్లకు ప్లేస్‌మెంట్ల సీజన్ మొదలవగానే ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇదే. అడిగే తీరులో కొంచెం మొహమాటం కూడా కనిపిస్తుంది. ఇంట్లో "సొంత ఉద్యోగమా, ఔట్‌సోర్సింగా?" అని అడిగేస్తారు. బంధువుల ముందు కంపెనీ పేరు చెప్పాలంటే ఏ పేరు చెప్పాలో తెలియదు. ఐడీ కార్డు ట్యాగ్ మీద ఒక పేరు, బ్యాంకు మెసేజ్‌లో ఇంకో పేరు.

ఔట్‌సోర్సింగ్ అనగానే మనకు రెండు బొమ్మలు గుర్తొస్తాయి. ఒకటి, అర్ధరాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని అమెరికా వాళ్లతో మాట్లాడే కాల్ సెంటర్. రెండోది, ప్రభుత్వాఫీసులో ఏజెన్సీ ద్వారా చేరి, ఏళ్లు గడిచినా పర్మినెంట్ కాని ఉద్యోగం. ఈ రెండింటి మధ్య మూడోది ఒకటుంది. ఒక కంపెనీ తన పనుల్లో కొన్నింటిని అదే ఊళ్లోనో, పక్క ఊళ్లోనో ఉన్న ఇంకో కంపెనీకి అప్పగించడం. జీతాల లెక్కలు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, కస్టమర్ సపోర్ట్, అకౌంట్లు, రిక్రూట్‌మెంట్, సెక్యూరిటీ, క్యాంటీన్ ఇలా ఎన్నో. మీలో చాలామంది మొదటి జీతం ఇక్కడి నుంచే వస్తుంది. కాబట్టి దీని లోపలి లెక్క తెలియకుండా ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకండి.

నా మాట ముందే చెప్తాను. థర్డ్ పార్టీ ఉద్యోగం అయినంత మాత్రాన అది చెడ్డది కాదు. పెద్ద పేరున్న బిల్డింగ్‌లో కూర్చోబెట్టినంత మాత్రాన మంచిదీ కాదు. పని ఇచ్చేవాడికీ మీకూ మధ్య ఎంతమంది ఉన్నారు, వాళ్ల మధ్య డబ్బు ఎలా కదులుతుంది, మీ చేతిలో ఏ కాగితం ఉంది, ఈ మూడూ చూసే తేల్చుకోవాలి.

పని బయటికి ఎందుకు వెళ్తుంది?

ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బుకోవడం అందరికీ వచ్చు. అయినా అపార్ట్‌మెంట్ల కింద కొట్లో పిండి ప్యాకెట్లు అమ్ముడుపోతూనే ఉంటాయి. నానబెట్టడం, రుబ్బడం, గ్రైండర్ కడగడం కంటే కొనడమే తేలిక అనిపించిన ఇల్లు కొనుక్కుంటుంది. కంపెనీలూ అంతే. రొనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త 1937లో, తనకు 26 ఏళ్ల వయసున్నప్పుడు, ఈ విషయం మీద ఒక వ్యాసం రాశారు. ఒక పనిని లోపల చేయించుకుంటే అయ్యే ఖర్చును, బయట వెతికి, బేరమాడి, ఒప్పందం రాసుకుని చేయించుకుంటే అయ్యే ఖర్చుతో పోల్చాలి. ఏది తక్కువైతే కంపెనీ అటే వెళ్తుందన్నది దాని సారాంశం. 1991లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

పుస్తకం వద్దనుకుంటే పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లిరండి. ఏ కౌంటర్‌లో మీ కాగితాలు స్కాన్ చేసి, ఫొటో, వేలిముద్రలు తీసుకునేది టీసీఎస్ సిబ్బంది. బీ కౌంటర్‌లో పత్రాలు పరిశీలించేది, సీ కౌంటర్‌లో పాస్‌పోర్ట్ ఇవ్వాలా వద్దా తేల్చేది ప్రభుత్వ ఉద్యోగులు. ఒకే హాలు, ఒకే క్యూ, యజమానులు మాత్రం ఇద్దరు. రోజూ ఒకేలా జరిగే పని బయటికి వెళ్లింది. నిర్ణయం తీసుకునే పని లోపలే ఉండిపోయింది.

ఏ కంపెనీలో చూసినా ఈ గీత ఇలాగే ఉంటుంది. మీకొచ్చిన ఆఫర్‌లో పని ఈ గీతకు ఏ వైపున ఉందో చూసుకోండి. ఏ కౌంటర్‌లో మొదలుపెట్టడంలో తప్పేం లేదు. మూడేళ్ల తర్వాత కూడా అక్కడే స్కాన్ చేస్తూ ఉంటే మాత్రం ఆలోచించాలి.

దగ్గరగా ఉండటం కూడా ఒక అర్హతే

పని చవగ్గా ఎక్కడ జరిగితే అక్కడికే పోతుందని మనం అనుకుంటాం. హైదరాబాద్ ఐటీ ఎదగడానికి అదొక కారణం కూడా. కానీ దూరానికీ ఒక ధర ఉంది. న్యూయార్క్‌కూ మనకూ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. అక్కడ పొద్దున వచ్చిన సందేహానికి ఇక్కడ రాత్రి ఎవరో ఒకరు మేలుకుని జవాబు చెప్పాలి. అందుకే కొన్ని అమెరికా కంపెనీలు తమ గడియారంతో దాదాపు కలిసే మెక్సికోకు పని పంపుతాయి. దీన్నే నియర్‌షోరింగ్ అంటారు. ఆ అవసరం చూసే మన టీసీఎస్ గ్వాదలహారాలో, ఇన్ఫోసిస్ మాంటెర్రేలో సెంటర్లు పెట్టాయి. పని కోసం భారత్‌కు వచ్చిన కస్టమర్‌కు దగ్గరగా ఉండాలని భారత్ కంపెనీలే మెక్సికో వెళ్లాయన్నమాట.

ఇదే లెక్క మన వీధిలోనూ నడుస్తుంది. పత్తర్‌గట్టిలోనో, మదీనా సెంటర్‌లోనో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టును ఊహించుకోండి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక అమ్మకాల లెక్కలు, రిటర్నులు గడువులోపు వెయ్యడం తప్పనిసరి అయింది. కొట్టు యజమాని దాని కోసం ఒక అకౌంటెంట్‌ను నెల జీతానికి పెట్టుకోవచ్చు. లేదంటే పక్క వీధిలోని ట్యాక్స్ కన్సల్టెన్సీకి ఆ పని అప్పగించవచ్చు. ఇలాంటి కొట్ల వాళ్లు చాలామంది రెండోదే చేస్తారు. ఆ కన్సల్టెన్సీ కుర్రాడు సాయంత్రం వచ్చి బిల్లుల కట్ట తీసుకెళ్తాడు. చేతిరాత అర్థం కాకపోతే అక్కడే నిలబడి ఉర్దూలోనో, హిందీలోనో, తెలుగులోనో అడుగుతాడు. కొనుగోలు బిల్లుకూ పోర్టల్‌లో కనిపించే అంకెకూ పొంతన కుదరకపోతే సరుకు పంపిన వ్యాపారికి ఫోన్ కలుపుతాడు. ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ ఆగిపోతే నష్టం కొట్టు యజమానికే కాబట్టి, ఈ కుర్రాడి మీద ఆయనకు భరోసా ఉండాలి.

యాకుత్‌పురాలో ఉండి బీకామ్ చదువుతున్నవాళ్లకు ఈ పని నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్ వస్తే మొదలుపెట్టొచ్చు. ఇంజినీరింగ్ వాళ్లైతే ఎంఎంటీఎస్ లైను చూడండి. యాకుత్‌పురా స్టేషన్‌లో లింగంపల్లి వెళ్లే రైలెక్కితే డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, సికింద్రాబాద్ దాటి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగొచ్చు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన ప్రాంతం అది. ఆ చుట్టుపక్కల బిల్డింగుల్లో పెద్ద కంపెనీల పేర్లు పైన కనిపిస్తాయి. వాళ్ల పని తీసుకున్న చిన్న కంపెనీలు అవే బిల్డింగుల్లో కింది అంతస్తులోనో, ఎదురు వీధిలోనో ఉంటాయి. మీ రెజ్యూమె పెద్ద పేర్లకే పంపుతున్నారంటే సగం మార్కెట్‌ను మీరే వదిలేసుకుంటున్నట్టు.

కార్ఖానా నేర్పే పాఠం

ఇంతవరకూ మంచి సంగతులే చెప్పాను. ఇప్పుడు రెండో వైపు చూద్దాం. పాతబస్తీకి సబ్‌కాంట్రాక్టింగ్ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. జర్దోజీ, మనం మగ్గం వర్క్ అనే పని, ఎప్పటినుంచో ఈ పద్ధతిలోనే నడుస్తోంది. పెళ్లి లెహెంగాకో, బ్లౌజ్‌కో ఆర్డర్ తీసుకునేది షోరూమ్ లేదా బొటీక్. అక్కడి నుంచి పని కార్ఖానాదారుకు వస్తుంది. చెక్క చట్రానికి బట్ట బిగించి, చుట్టూ కూర్చుని కారీగర్లు కుడతారు. పని ఎక్కువైతే కొంత భాగం ఇళ్లలో కుట్టే ఆడవాళ్లకు వెళ్తుంది. యాకుత్‌పురా చుట్టుపక్కల గల్లీల్లో ఉండే మీలో కొందరికి ఇది అమ్మ చేసే పనో, పక్కింటి ఖాలా చేసే పనో అయి ఉంటుంది.

ఈ గొలుసు చివర ఉన్న చేతికి నైపుణ్యం తక్కువా? అసలు విలువ పుట్టేదే అక్కడ. అయినా డబ్బు తక్కువగా అందేదీ అక్కడే. కారణాలు మూడు కనిపిస్తాయి. ఆ బట్ట ఎవరు కట్టుకుంటారో కుట్టే మనిషికి తెలియదు, అంటే కస్టమర్ తెలియదు. షోరూమ్‌లో ఆ పనికి ఎంత రేటు వేశారో తెలియదు, అంటే ధర తెలియదు. ఎన్ని గంటలు చేశారు, ఎంత రావాలి అని చూపించే కాగితం ఉండదు. పీసుకు ఇంత అని నోటి మాట, అంతే. ఆర్డర్లు తగ్గే సీజన్‌లో ముందు ఆగిపోయేది వాళ్ల పనే. వచ్చి అడగడానికి ఒక ఆఫీసు కూడా ఉండదు.

ఇప్పుడు ఏసీ గదిలోకి రండి. మీరు చేసే టెస్టింగ్ ఏ క్లయింట్ ప్రాడక్ట్‌లో ఏ భాగానికో మీకు చెప్పలేదు. మీ పేరు మీద క్లయింట్ ఎంత చెల్లిస్తోందో తెలియదు. ఆఫర్ లెటర్ బదులు వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. చేతిలో సూదికి బదులు ల్యాప్‌టాప్ ఉందన్న మాటే గానీ, గొలుసులో మీ చోటు ఆ ఖాలా కూర్చున్న చోటే. డిగ్రీ ఉన్నంత మాత్రాన ఆ చోటు మారదు. కస్టమర్, ధర, కాగితం, ఈ మూడూ తెలుసుకున్నప్పుడే మారుతుంది.

డబ్బు నడిచే దారి

ధర సంగతి ముందు చూద్దాం. ఒక మనిషి పనికి క్లయింట్ నెలకు 60 వేలు ఇస్తోందనుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలే. మొదటి వెండర్ తన ఖర్చు, లాభం ఉంచుకుని ఆ పనిని 45 వేలకు రెండో వెండర్‌కు ఇచ్చాడు. రెండో వెండర్ పీఎఫ్‌లో తన వాటా, ఆఫీసు ఖర్చులు, లాభం తీసేసి మీకు 28 వేలు ఇచ్చాడు. ఇందులో మోసం ఉండాల్సిన అవసరం లేదు. మధ్యలో ఎన్ని చేతులుంటే అంత తగ్గుతుంది, అంతే. అందుకే "నేను మీ నుంచి నేరుగా క్లయింట్‌కు పని చేస్తానా, మధ్యలో ఇంకో కంపెనీ ఉందా?" అన్న ప్రశ్న జీతం గురించి బేరమాడటం కంటే ముందు అడగాలి.

రెండోది, జీతం ఆలస్యం. చిన్న కంపెనీ మీకు ఒకటో తేదీన ఇవ్వాలి. క్లయింట్ మాత్రం ఇన్వాయిస్ అందిన చాలా రోజులకు చెల్లిస్తుంది. ఆ మధ్య కాలం చిన్న కంపెనీ తన చేతి డబ్బుతో నెట్టుకురావాలి. చేతిలో డబ్బు లేకపోతే ఆ భారం మీ జీతం మీద పడుతుంది. దీనికి చట్టం ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులు మించకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే గడువు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఇంకో మెలిక కూడా పెట్టారు. గడువులోపు చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోనివ్వరు.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా, పెద్ద కస్టమర్ మీద ఫిర్యాదు చెయ్యడానికి చిన్న కంపెనీ జంకుతుంది. వచ్చే ఆర్డర్ పోతుందని భయం. ఇక్కడే పెద్ద కంపెనీలను అడగాలి. క్యాంపస్‌లకు వచ్చి యువత, నైపుణ్యం, ఉపాధి అని స్లైడ్లు చూపించేవాళ్లు తమ వెండర్లకు సమయానికి చెల్లిస్తే చాలు. ఎంతోమంది ఫ్రెషర్ల రూమ్ రెంటు ఐదో తేదీలోపు కట్టగలిగేది అప్పుడే.

ప్రభుత్వాలకూ ఈ సమస్య తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ మొదలైంది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులకు మధ్యలో ప్రైవేటు ఏజెన్సీ లేకుండా జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ అందాలన్నది దాని ఉద్దేశం. మధ్యవర్తిని దాటి డబ్బు చేరడానికి ఏకంగా ఒక కార్పొరేషన్ పెట్టాల్సి వచ్చిందంటే, ఆ మధ్య దారిలో జరిగే నష్టం ఎంతో మీరే ఊహించుకోండి.

సంతకానికి ముందు అడగండి

ఇంటర్వ్యూ చివర "ఎనీ క్వశ్చన్స్?" అంటారు. మనం నవ్వి "నో సార్" అంటాం. ఈసారి అలా అనకండి. మర్యాదగానే ఇవి అడగొచ్చు.

ఒకటి, నేను ఎవరి రోల్స్‌లో ఉంటాను? నియామక పత్రం ఎవరు ఇస్తారు? 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం కార్మికులందరికీ నియామక పత్రం ఇవ్వాలి. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగమైతే ఏడాది పూర్తి చేసినా గ్రాట్యుటీకి అర్హత ఉంటుంది. కాబట్టి కాంట్రాక్ట్ ఏ రకమో కాగితం మీద చూడండి.

రెండు, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా? పీఎఫ్‌లో మీ వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం. నెల జీతం 21 వేల లోపైతే ఈఎస్‌ఐ వర్తించే సంస్థల్లో మీ నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం కడతారు. మాటతో ఊరుకోవద్దు. చేరిన రెండో నెలలోనే ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. అందులో ఏ సంస్థ పేరు ఉందో వాళ్లే మీ యజమాని. కోత పడి, పాస్‌బుక్‌లో జమ కనిపించకపోతే అప్పుడే అడగాలి, రెండేళ్లు ఆగి కాదు.

మూడు, క్లయింట్‌తో ఒప్పందం ఎంతకాలం? అది ముగిస్తే నన్ను ఇంకో ప్రాజెక్టుకు మారుస్తారా, ఇంటికి పంపుతారా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే కంపెనీని సగం నమ్మొచ్చు.

నాలుగు, క్లయింట్ నన్ను సొంతంగా తీసుకోవచ్చా? ఒకరి మనుషులను ఇంకొకరు తీసుకోకూడదని చాలా ఒప్పందాల్లో రాసుకుంటారు. "ఆరు నెలల్లో కన్వర్షన్ గ్యారంటీ" అని నోటితో చెప్తే, ఆ మాటే ఈమెయిల్‌లో పెట్టమనండి. పెట్టకపోతే ఆ గ్యారంటీ లేనట్టే లెక్క.

ఐదు, జీతం క్లయింట్ చెల్లింపుతో ముడిపడి ఉందా? "బిల్లు రాగానే ఇస్తాం" అనే చోట జాగ్రత్త. కాంట్రాక్టర్ వేతనం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు సంస్థ చెల్లించాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ఉంది, కొత్త కోడ్‌లోనూ కొనసాగింది. చట్టం లెక్కలో కాంట్రాక్ట్ కార్మికులుగా వచ్చేవాళ్లకు ఇది వర్తిస్తుంది.

ఇక రెండు విషయాల్లో బేరమే వద్దు. ఉద్యోగం కోసం డిపాజిట్ కట్టమంటే లేచి వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే ఇవ్వకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి. కంపెనీ నిజంగా ఉందో లేదో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో పేరు వెతికితే తెలుస్తుంది. జీఎస్టీ నంబరు ఇస్తే పోర్టల్‌లో అది చాలూలో ఉందో లేదో చూడొచ్చు. దీనికి పది నిమిషాలు చాలు.

చేరాక గొలుసులో పైకి జరగండి

చేరిన రోజు నుంచి ఒక డైరీ పెట్టుకోండి. ఏ పని చేశారు, దానివల్ల క్లయింట్‌కు ఏ ఇబ్బంది తీరింది, ఎవరికి రిపోర్ట్ చేశారు. కంపెనీ రహస్యాలు అందులో రాయొద్దు, మీ పని గురించే రాయండి. ఏడాది తర్వాత రెజ్యూమెకు ఇదే ముడిసరుకు. అక్కడ కూడా నిజమే రాయండి. జీతమిచ్చిన సంస్థ పేరు ముందు, క్లయింట్ పేరు తర్వాత. క్లయింట్ పేరు చెప్పకూడదన్న నిబంధన ఉంటే "బ్యాంకింగ్ రంగ క్లయింట్" అని రాస్తే సరిపోతుంది. పెద్ద కంపెనీలో పర్మినెంట్‌గా చేశానని రాస్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పీఎఫ్ రికార్డు, ఫారం 16 ఇట్టే పట్టిచ్చేస్తాయి. దక్కాల్సిన ఉద్యోగం కూడా అక్కడే పోతుంది.

ఇంకో మాట. రోజూ ఒకేలా జరిగే పనే ముందు బయటికి వెళ్తుందని పైన చెప్పుకున్నాం. ఏఐ టూల్స్ చేతికి ముందు చిక్కేదీ ఆ పనే. డేటా ఎంట్రీ, మూస టెస్టింగ్, కాపీ పేస్ట్ జవాబులతో నడిచే సపోర్ట్, ఇవన్నీ కదిలిపోతున్న నేల మీద ఉన్నాయి. నిలబడేది బిల్లుల కట్ట పట్టుకుని కొట్టు ముందు నిలబడి "భాయ్, ఈ అంకె ఎందుకు తేడాగా ఉంది?" అని అడగగలిగినవాడే. కస్టమర్ ఇబ్బంది ఏంటో అతని భాషలో విని, దాన్ని పనిగా మార్చగలగడం ఒక నైపుణ్యం. తెలుగు, ఉర్దూ, హిందీ, పని నడిచేంత ఇంగ్లిష్, ఈ నాలుగూ కలిసి ఒకే నోట్లో ఉండటం యాకుత్‌పురా పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. రెజ్యూమెలో చివరి లైన్‌లో "లాంగ్వేజెస్ నోన్" అని పారేయకండి. దానితో ఏ పని చేయగలరో ఇంటర్వ్యూలో చెప్పండి.

కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్‌లను కూడా ఒకటి అడగాలి. ఫ్లెక్సీ మీద క్లయింట్ లోగో వేసి, ఆఫర్ లెటర్ మాత్రం వేరే పేరుతో ఇప్పించడం మానండి. ఏ కంపెనీ రోల్స్‌లో, ఎంతకాలానికి, ఏ జీతానికి అన్నది నోటీసు బోర్డు మీద పెట్టండి. పిల్లలకు నిజం తెలిస్తే భయపడి పారిపోరు, సిద్ధపడి వెళ్తారు.

మీకు గనక ఈ వారం అలాంటి ఆఫర్ వచ్చి ఉంటే, ఆ ఐదు ప్రశ్నలూ ఈమెయిల్‌లో రాసి పంపండి. జవాబులు కూడా ఈమెయిల్‌లోనే తెప్పించుకోండి. కార్ఖానాలో కుట్టే ఆ ఖాలాకు అడిగే వీలు ఎప్పుడూ దొరకలేదు, మీకు దొరికింది.